ఏటి రేవులో ఎక్కిన బరువు

చనిపోయినవాళ్ళు తిరుగుతారంటే నేను ఏనాడూ ఒప్పుకోలేదు. అది ధైర్యం వల్ల కాదు, విశ్వాసం వల్ల. మా తాత కాలం నుంచి మాది సంఘంలో ఉన్న కుటుంబం. ఆదివారపు బడిలో నేను నేర్చుకున్నదీ, తర్వాత చాలా ఏళ్ళు పిల్లలకు నేర్పినదీ ఒకటే. దురాత్మలు ఉన్నాయి, వాటిని ప్రభువు నామంలో గద్దించాలి. మనుషులు మాత్రం ఒకసారి నిద్రించిన తర్వాత ఆయన పిలిచేదాకా లేవరు. పాడుబావి దగ్గర ఫలానా వాడు కనిపించాడని ఎవరైనా చెబితే, వాడికి జ్వరం ఉందేమో చూడమని చెప్పేవాణ్ణి. ఇప్పటికీ అదే చెబుతాను.

అందుకే ఈ సంగతి రాయాలా వద్దా అని చాలాకాలం తటపటాయించాను. రాయకపోతే అబద్ధం ఆడినట్టు అనిపిస్తుంది. రాస్తే నేను నమ్మినదాన్ని నేనే కాదన్నట్టు కొందరికి తోచవచ్చు. జరిగింది జరిగినట్టు రాస్తాను. దానికి పేరు పెట్టే పని నాది కాదు.

నేను కడప జిల్లాలో ఒక మిషను ఆసుపత్రికి డ్రైవరుగా పని చేశాను. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి ఆసుపత్రికి ఉన్నది ఒక పాత కారు. కంకర రోడ్డు దిగితే అది కదలదు. మా రోగులేమో రోడ్డు లేని పల్లెల్లోనే ఉన్నారు. వేంపల్లె అవతలి పల్లెల నుంచి కాన్పు కష్టమైన ఆడవాళ్ళను ఎద్దుల బండ్లలో తెచ్చేవారు. దారి నిండా నాపరాళ్ళు, ఏటి ఇసుక. బండి ఆసుపత్రి వాకిట నిలిచేసరికి చాలాసార్లు మా డాక్టరమ్మ చేతిలో చేయడానికి ఏమీ మిగిలేది కాదు.

పటాలం వాళ్ళు తమకు అక్కరలేని బండ్లను వేలం వేస్తున్నారని మద్రాసు నుంచి కబురు వచ్చింది. ఒకటి ఎంచి తెమ్మని డాక్టరమ్మ నన్ను పంపింది. తోడుగా కడపలో బండ్ల షెడ్డు నడిపే మస్తాన్ మేస్త్రీ వచ్చాడు. ఆయనా నేనూ ఒక ఈడు వాళ్ళం. ఇద్దరి దేవుళ్ళ గురించీ గంటలకొద్దీ వాదించుకుని, చివరికి ఒకే టీ కొట్టులో కూర్చునేవాళ్ళం.

వేలం మైదానంలో వరసలు వరసలుగా బండ్లు. అన్నిటికీ ఒకే ఆకుపచ్చ రంగు, అన్నిటి మీదా ఒకే దుమ్ము. మెత్తటి సీట్లున్న ఒక కారు నాకు నచ్చింది. రోగులకు సుఖంగా ఉంటుందని అనుకున్నాను. మస్తాన్ దాని కింద పడుకుని చూసి, లేచి చొక్కా దులుపుకున్నాడు.

"ఇది పెండ్లికొడుకు ఊరేగను బాగుంటాదప్పా. మీ పల్లె దోవలో పోతే కడుపు రాళ్ళకు తగుల్తాది."

నాలుగు చక్రాలూ లాగే పెద్ద బండి ఇంకొకటి ఉంది. ఎక్కడికైనా పోతుంది. కానీ అప్పట్లో పెట్రోలు కూపన్ల మీద ఇచ్చేవారు. దాని ఆకలికి మాకొచ్చే కూపన్లు వారానికి కూడా చాలవు. విడి భాగాలు దొరకడమూ కష్టమే. చివరికి ఎంచుకున్నది వెనక తొట్టి ఉన్న చిన్న లారీ. ఇప్పుడు పికప్ అంటున్నారే, ఆ రకం. లాగేవి వెనక చక్రాలు రెండే. టైర్లు వెడల్పు, నేలకూ కడుపుకూ మధ్య మూరెడు ఎడం. కొన్ని బండ్లకు విరిగిన చట్రాన్ని అతికి పైన రంగు కొట్టి ఉంచారు. మేము ప్రతి అతుకునూ గోటితో గీకి చూశాం. ఈ బండి చట్రం మీద గీరితే ఇనుమే బయటపడింది.

కడపకు తెచ్చిన తర్వాత దాన్ని మా నేలకు తగ్గట్టు మార్చడమే అసలు పని. వెనక కమానుల్లో, అంటే స్ప్రింగుల్లో, ఒక్కో పక్కా మరో మందపు పట్టీ వేయించాం. దాంతో ఎంత బరువెక్కినా బండి రాళ్ళకు తగలకుండా ఎత్తుగా నిలిచేది. ఇంజను నూనె గిన్నె కింద మందపు రేకు కవచంలా బిగించాం. పొగ గొట్టాన్ని నీళ్ళు తగలనంత పైకి మళ్ళించాం. ముందు భాగంలో రెండు కొక్కేలు పెట్టించాం. బురదలో దిగబడితే ఎద్దుల కాడి తగిలించి లాగడానికి. తొట్టి మీద ఇనుప బద్దలు వంచి, పాత గుడారం గుడ్డ కప్పి, రోగి పడుకోవడానికి పరుపు వేశాం. దుమ్ము రాకుండా వెనక కూడా గుడ్డ తాళ్ళతో బిగించి కట్టే ఏర్పాటు చేశాం.

బండిని ఊరిలోకి తెచ్చిన రోజు సంఘం కూడి ప్రార్థన చేసి దాన్ని దేవుని పనికి ప్రతిష్ఠించింది. నిమ్మకాయలు కట్టలేదు, టెంకాయ కొట్టలేదు. మస్తాన్ తలకు రుమాలు చుట్టుకుని గేటు దగ్గర నిలబడి అంతా చూశాడు.

"పేరేం పెడితిరి? బాప్తిస్మం ఇచ్చినాక పేరు పెట్టల్ల గదా" అని అడిగాడు తర్వాత. నవ్వాను.

ఇంత చేసినా ఒక్కచోట బండి మమ్మల్ని ఏడిపించింది. అది పాపఘ్ని ఏరు. వానల తర్వాత కొన్నాళ్ళు పారి, మిగతా ఏడాదంతా ఎండిపోయి తెల్లటి ఇసుకగా పడి ఉంటుంది. ఇంజను బరువంతా ముందు, లాగే చక్రాలు వెనక. ఖాళీ తొట్టితో ఇసుకలో దిగితే వెనక చక్రాలు పట్టు దొరక్క గిరగిరా తిరిగి గుంట తవ్వుకునేవి. టైర్లలో గాలి తగ్గించి చూశాం. కొంత నయం. అయినా అవతలి గట్టు ఎక్కేచోట ఆగిపోయేది.

దీనికి ఉపాయం దొరికింది మా వియ్యాలవారి పల్లెలో. ఏటి అవతల రాళ్ళగుంటపల్లె అని ఒక చిన్న పల్లె. అన్నీ మా సంఘం కుటుంబాలే. మా చెల్లెలు సువార్తను అక్కడ ఇచ్చాం. ఆమె మామ పేరు దేవదానం. భారీ మనిషి, మోట తోలి తోలి భుజాలు బండల్లా ఉండేవి. నేను ఆయన్ను మామా అనే పిలిచేవాణ్ణి. మొదటిసారి బండి ఇసుకలో కూరుకుపోయినప్పుడు, ఆయనా పల్లె మగవాళ్ళూ పొలం నుంచి వచ్చి నెట్టారు. కదలలేదు. ఆయాసం తీర్చుకోవడానికి ఆయన వెనక అంచు మీద ఎక్కి నిలబడ్డాడు. మిగతావాళ్ళూ ఎక్కారు. నేను ఊరికే గేరు వేసి చూస్తే చక్రాలు పట్టుకున్నాయి. బండి ఏరు దాటింది.

ఆ తర్వాత మస్తాన్ తొట్టి వెనక ఒక మందపాటి పలక బిగించి, పట్టుకోవడానికి అడ్డంగా ఇనుప కడ్డీ పెట్టాడు. అప్పటి నుంచి అదే పద్ధతి అయింది. నేను పల్లెకు వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ రేవులో మగవాళ్ళు వచ్చి నిలబడేవారు. చదునైన ఒక బండ దగ్గర నేను నడక వేగానికి తగ్గించేవాణ్ణి. ఆపేవాణ్ణి కాదు, ఆపితే చక్రం దిగబడుతుంది. వాళ్ళు ఒక్కొక్కరే కదిలే బండి ఎక్కి పలక మీద నిలిచేవారు. అవతలి గట్టు మీద గట్టి నేల తగలగానే దూకేవారు. చివరగా దిగేవాడు వెనక తలుపు రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు చరిచేవాడు. అందరూ దిగారని గుర్తు. నేను వెనక్కి చూడకుండానే "స్తోత్రం మామా" అని అరిచి వేగం పెంచేవాణ్ణి.

దేవదానం మామ ఎప్పుడూ మొదట ఎక్కి చివర దిగేవాడు, ఎప్పుడూ ఎడమ కొసన. ఆయన కాలు పెట్టగానే బండి ఎడమకు ఒరిగేది. తర్వాత మిగతావాళ్ళు ఎక్కేకొద్దీ సమానమయ్యేది. అయినా ఎడమ పక్క కొంచెం వంగే ఉండేది. అందరికన్నా చివర యోహాను ఎక్కేవాడు. ఆయనకు ఒక కాలు సరిగా లేదు, ఎగిరి ఎక్కేవాడు కాబట్టి బండి ఒక్క ఊపు ఊగేది. స్టీరింగు పట్టుకున్నవాడికి వెనక ఎవరు ఎక్కారో చూడనక్కరలేదు. నడుముకే తెలుస్తుంది.

"ఇంత సంగటి తినేది ఎందుకనుకుంటివి అల్లుడా? నీ బండి కోసరమే" అనేవాడు మామ. పలక మీద నిలబడి గొంతు సవరించుకుని కీర్తన ఎత్తుకునేవాడు. మిగతావాళ్ళు అందుకునేవారు. ఆ ఏరు అలా పాటతో దాటేవాళ్ళం.

ఆ ఏడాది వానల్లో రాళ్ళగుంటపల్లెలో గత్తర, అంటే కలరా, వచ్చింది. ఏరు నిండుగా పారుతోంది, బండి దాటే వీలు లేదు. డాక్టరమ్మ మందులు పుట్టి పడవ మీద పంపింది. అవి చేరేసరికి దేవదానం మామ నిద్రించాడు. యోహాను నిద్రించాడు. పలక మీద నిలిచే మగవాళ్ళలో సగానికి పైగా పోయారు. ఏటి గట్టున, రేవుకు దగ్గర్లోనే ఎత్తయిన దిబ్బ మీద వాళ్ళను సమాధి చేశారు. నీళ్ళు తగ్గాక వెళ్ళి నేను ఆ సమాధుల దగ్గర ప్రార్థన చేశాను. మిగిలిన మగవాళ్ళు పులివెందుల వైపు గనుల్లో కూలికి వెళ్ళిపోయారు. పల్లెలో ఆడవాళ్ళూ, ముసలివాళ్ళూ మిగిలారు.

మా బావ, అంటే సువార్త భర్త, పటాలంలో ఉన్నాడు. సెలవులో వచ్చి పోయాడు. సువార్తకు అది మొదటి కాన్పు. నెలలు నిండకముందే ఆసుపత్రికి తీసుకుపోతానని నేను అడిగాను. సువార్త అత్త మరియమ్మ ఒప్పుకోలేదు. భర్త పోయి ఏడాది తిరగలేదు, కొడుకు దూరాన ఉన్నాడు. కోడలు కూడా కంటికి కనబడకుండా పోతే ఆ ఇంట్లో ఒంటరిగా ఉండలేనని ఆమె ఏడ్చింది. నేను పట్టుబట్టలేదు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక ఉదయం వేంపల్లె బస్సు డ్రైవరు ద్వారా కబురు వచ్చింది. ముందు రాత్రి నుంచి సువార్త నొప్పులు పడుతోంది, బిడ్డ అడ్డం తిరిగింది, రక్తం పోతోంది. డాక్టరమ్మ ఇంకొక కాన్పులో ఉంది. నర్సు కూడా ఆమె పక్కనే ఉండాలి. "నువ్వు తే సామేలూ, నేను బల్ల సిద్ధం చేసి ఉంచుతాను" అంది. నేను ఒక్కణ్ణే బయలుదేరాను.

పలక మీద మనుషులు ఉండరని నాకు తెలుసు. అందుకని గోనెసంచులు తీసుకుపోయాను. ఏటి ఇవతల గొర్రెలు కాసేవాళ్ళ సాయంతో వాటిని ఇసుకతో నింపి తొట్టిలో వేసుకుని దాటాను. బండి మొరాయిస్తూనే గట్టెక్కింది.

సువార్తను చూశాను. మొహంలో రంగు లేదు. పెదవులు ఎండి చీలిపోయాయి. నన్ను చూసి అన్నా అనబోయింది, గొంతు రాలేదు. ఆమెను పడుకోబెట్టాలంటే తొట్టి ఖాళీ కావాలి. నిండు సంచులు ఎత్తి దించే తీరిక లేదు. మూతులు విప్పి ఇసుక అక్కడే కుమ్మరించాను. ఖాళీ సంచులు మడిచి నా సీటు పక్కన పెట్టుకున్నాను. రేవు దగ్గర మళ్ళీ కొన్ని నింపుకుని, పరుపు చుట్టూ సర్దుకుని దాటాలని అనుకున్నాను.

సువార్త తలను మరియమ్మ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గుడ్డ నాలుగు వైపులా దించి తాళ్ళు బిగించాను. గాలికి దుమ్ము లేస్తోంది.

పల్లె నుంచి రేవు దాకా దారి అంతా రాళ్ళు. మెల్లగా పోతే ఆలస్యం, వేగంగా పోతే కుదుపు. ప్రతి కుదుపుకూ వెనక నుంచి మూలుగు వినిపించేది. ఆ మూలుగును బట్టి బండి నడిపాను. నోటితో ప్రార్థన చేస్తున్నాను గానీ ఏం అడుగుతున్నానో నాకే తెలియదు. ప్రభువా, ప్రభువా అన్న ఒక్క మాటే. కొంత దూరం పోయాక మూలుగు ఆగిపోయింది.

నా సీటు వెనక, అద్దం లేని కిటికీ గుండా మరియమ్మ గొంతు వచ్చింది.

"నిలపాకు నాయనా. కండ్లు తేలేస్తాంది. యాడా నిలపాకు."

ఆ మాటతో నా మనసులో తక్కిన ఆలోచనలన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. సంచుల సంగతి కూడా.

రేవుకు వాలు దిగాను. చిన్న గేరు వేశాను. చదునైన బండ దగ్గరికి రాగానే, ఎప్పటిలాగే, నా కాలు దానంతట అదే వేగం తగ్గించింది. ఇక్కడి నుంచి చాలా జాగ్రత్తగా రాస్తున్నాను.

బండి వెనక ఎడమ పక్క కుంగింది. గుంటలో పడితే కుంగినట్టు కాదు. గుంటలో పడితే దెబ్బ తగులుతుంది, మళ్ళీ లేస్తుంది. ఇది మెత్తగా దిగి, దిగినట్టే నిలిచింది. తర్వాత మధ్య, తర్వాత కుడి. చివరగా బండి మొత్తం ఒక్క ఊపు ఊగింది. స్టీరింగు తేలికైంది, ముందు చక్రాలు కాస్త పైకి లేచినప్పుడు అయ్యేట్టు. నా ప్రాణం కుదుటపడింది. ఎక్కారు, ఇక దాటవచ్చు అనుకున్నాను. అంతకు మించి ఏ ఆలోచనా రాలేదు. ఎన్నోసార్లు జరిగినదే మళ్ళీ జరుగుతుంటే మనిషి ఆలోచించడు.

ఇసుకలోకి దిగాను. చక్రాలు ఒక్కసారి కూడా జారలేదు. నడి ఏటిలో ఇసుక మరీ లోతుగా ఉండే చోట కూడా ఇంజను బరువుగా మూలుగుతూ లాగింది. అవతలి గట్టు ఎక్కింది. గట్టి నేల తగిలింది. వెనక భాగం తేలికపడి పైకి లేచింది. రేకు మీద అరచేతి దెబ్బలు రెండు వినిపించాయి.

"స్తోత్రం మామా" అన్నాను. వేగం పెంచాను.

వేంపల్లె దాటాక ఇంజను మీద ఆవిరి లేచింది. నీళ్ళు పోయక తప్పదు. చెట్టు నీడ కూడా చూడకుండా రోడ్డు పక్కనే ఆపి, తలుపు తెరిచి దిగబోయాను. ఖాళీ సంచులు జారి నా కాళ్ళ మీద పడ్డాయి.

వాటిని చూస్తూ నిలబడిపోయాను. పట్టపగలు. నెత్తి మీద ఎండ. రోడ్డు మీద వేరుశనక్కాయల బండ్లు పోతున్నాయి. రేవులో వాటిని నింపనేలేదని అప్పుడు తట్టింది.

వెనక్కి వెళ్ళి తాళ్ళు విప్పాను. సువార్త ఊపిరి ఆడుతోంది. మరియమ్మ తడిగుడ్డతో ఆమె పెదవులు తుడుస్తోంది.

"అత్తా, రేవులో బండి ఎవరెక్కినారు?"

ఆమె తల ఎత్తలేదు. పని మధ్యలో అడిగిన మాటకు చెప్పినట్టు చెప్పింది.

"మీ మామా, మనోళ్ళూ. ఎక్కి గొంతు సవరించుకున్న్యాడు గదా. పాట ఎత్తుకుంటాడనుకుంటి."

ఆ తర్వాత ఆమె చెయ్యి ఆగింది. నెమ్మదిగా నా మొహంలోకి చూసింది. ఇద్దరం ఒకే సంగతి ఒకేసారి గుర్తుకు తెచ్చుకున్నాం. ఆయన్ను కడిగి, బట్ట కట్టి, సమాధి దాకా సాగనంపిన మనిషి ఆమె. 

"ఇప్పుడు అడగొద్దు నాయనా. పోనీ" అంది.

నీళ్ళు పోసి నడిపాను. ఆసుపత్రి చేరేదాకా ఆ విషయం మనసులోకి రానివ్వలేదు. 

డాక్టరమ్మ ఆపరేషను చేసింది. మరియమ్మా నేనూ వరండాలో నేల మీద కూర్చున్నాం.  పొద్దు వాలేవేళ లోపలి నుంచి బిడ్డ ఏడుపు వినిపించింది. ఆడపిల్ల. సువార్త గురించి మాత్రం ఆ రోజు ఏమీ చెప్పలేమన్నారు. తెల్లవారి ఆమె కళ్ళు తెరిచి నీళ్ళు అడిగింది. దారిలో ఇంకాస్త ఆలస్యం జరిగి ఉంటే తన చేతిలో ఏమీ ఉండేది కాదని డాక్టరమ్మ చెప్పింది. ఇసుకలో బండి దిగబడి ఉంటే ఏమయ్యేదో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఎద్దులు తేవడానికి పల్లెకు నడిచి పోవాలి. పల్లెలో ఎద్దులు కూడా లేవు, మగవాళ్ళు పోయాక అమ్మేశారు.

సువార్త ప్రమాదం నుంచి బయటపడ్డాక నేను రేవుకు వెళ్ళాను. పగలే వెళ్ళాను. చక్రాల జాడలు ఇంకా ఉన్నాయి. పోయేటప్పటి జాడల కన్నా వచ్చేటప్పటివి లోతుగా ఉన్నట్టు కనిపించాయి. కనిపించాయి అనే రాస్తున్నాను, ఎందుకంటే ఇసుక అన్నిచోట్లా ఒకే తీరుగా ఉండదు. చదునైన బండ చుట్టూ అడుగుజాడలు ఏమైనా ఉన్నాయేమో వెతికాను. ఆ మధ్యలో గొర్రెల మంద దాటిపోయింది. ఏమీ తెలియలేదు. దిబ్బ మీద సమాధులు ఎలా ఉండాలో అలాగే ఉన్నాయి.

తిరిగి వచ్చేటప్పుడు బండి వెనక ఏదో కిర్రుమంటోందని మస్తాన్ షెడ్డుకు తీసుకుపోయాను. ఆయన కిందికి దూరి చాలాసేపు రాలేదు. బయటికి వచ్చి చేతులు తుడుచుకుంటూ నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏం తోలినావప్పా దీంట్లో? నాపబండలా? ఎడంపక్క కొత్త పట్టీ విరిగిండాది."

ఇద్దరు ఆడవాళ్ళను తెచ్చానని చెప్పాను.

"ఏనుగు పిల్లలనా?" అని నవ్వాడు. నేను నవ్వకపోవడం చూసి ఆపాడు. జరిగింది అంతా చెప్పాను. ఆయన నన్ను ఎగతాళి చేయలేదు. మళ్ళీ కిందికి దూరి విరిగిన చోట వేలు పెట్టి చూసి, తుప్పు లేదు, విరుపు కొత్తది అన్నాడు. రాళ్ళ దారిలో ఆ రోజు నేను నడిపిన తీరుకు కూడా విరగవచ్చని ఆయనే అన్నాడు. అది నిజమే. పట్టీ విరగడానికి కారణం కావాలంటే రాళ్ళు ఉన్నాయి. మేము దాన్ని మార్చేశాం. పలక మాత్రం తీయాలా అని అడిగితే, ఉండనీ అన్నాను.

ఈ సంగతి సంఘంలో ఎలా పాకిందో తెలియదు. కృతజ్ఞతార్పణ ఆరాధనలో సాక్ష్యం చెప్పమని మా పాస్టరు అయ్యగారు నన్ను పిలిపించారు. వయసులో పెద్దవారు, నాకు బాప్తిస్మం ఇచ్చినవారు. దేవుడు తన దూతలను పంపాడని, అలాగే చెప్పమని అన్నారు. దూతలకు బరువుంటుందా అయ్యగారూ అని అడిగాను. బైబిలులో ఒక పితరుడు ఏటి రేవులోనే దూతతో తెల్లవారేదాకా పెనుగులాడిన సంగతి గుర్తు చేశారు. ఆ పట్టుకు తొడ కీలు తప్పింది, బరువు లేకపోతే ఎలా తప్పుతుంది అన్నారు. ఆ జవాబు నాకు తృప్తినిచ్చింది. దాన్ని పట్టుకుని నిలబడాలని ఎంతో అనిపించింది.

కానీ ఎడమ పక్క ముందు కుంగిన సంగతి చెప్పాను. చివరి ఊపు సంగతి చెప్పాను. దూతలు వస్తే దేవదానం మామ నిలిచే చోటే, ఆయన వరసలోనే ఎందుకు నిలవాలి అని అడిగాను.

అయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. చివరికి, "అది చెప్పొద్దు సామేలూ. బలహీనులు తొట్రుపడతారు. రేపటి నుంచి సమాధుల దగ్గర దీపాలు పెట్టడం మొదలుపెడతారు" అన్నారు. ఆయన భయం న్యాయమైనది. మా పల్లెల్లో ఆ దారి ఎంత దగ్గరో నాకు తెలుసు.

గుడి వాకిట మరియమ్మ నా కోసం కాచుకుని ఉంది. మనవరాలు ఆమె చేతుల్లో ఉంది.

"మీ మామ పేరు చెప్పు నాయనా. అంతమందిలో ఒక్కసారి చెప్పు."

నేను బిడ్డ తల నిమిరి లోపలికి పోయాను.

సాక్ష్యం చెప్పే సమయం వచ్చింది. లేచి నిలబడ్డాను. మగవాళ్ళ వైపు అయ్యగారు నన్నే చూస్తున్నారు. ఆడవాళ్ళ వైపు చాప మీద మరియమ్మ నన్నే చూస్తోంది. ఆమె పక్కన సువార్త, ఇంకా నీరసంగా, గోడకు ఆనుకుని కూర్చుంది. దూతలు అంటే అయ్యగారు సంతోషిస్తారు. మామ అంటే ఆమె సంతోషిస్తుంది. ఏది అన్నా నేను చూడనిదాన్ని చూశానని దేవుని మందిరంలో చెప్పినట్టే.

"రేవులో నా బండికి బరువు చాలదు. నేను సంచులు నింపడం మరిచిపోయినాను. అయినా బరువు దొరికింది, చెల్లెలు బతికింది. ఆ బరువు ఎవరిదో నాకు తెలియదు. దేవునికి స్తోత్రం" అని కూర్చున్నాను.

 తర్వాతి కీర్తన ఎత్తుకోవడానికి కొంచెం ఆలస్యమైంది.

ఆరాధన అయ్యాక మరియమ్మకు ఎదురుపడటానికి జంకాను. ఆమే వచ్చింది. కోపంగా ఉందేమోనని చూశాను. లేదు.

"తెలీదంటివి" అంది. "కాదనలేదు గదా. అంతే చాలు." బిడ్డను నా చేతుల్లో పెట్టి కళ్ళు తుడుచుకుంది.

ఆమె పోయి చాలాకాలమైంది. సువార్తకు ఆ ప్రయాణంలో ఏమీ గుర్తు లేదు. ఇప్పుడు ఆ ప్రయాణం గుర్తున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

కారణాల కోసం నిజాయితీగా వెతికాను. రేకు చప్పుడుకు వదులైన తాడు కారణం కావచ్చు, గొంతు సవరించిన శబ్దం ఇంజనుది కావచ్చు. భయంలో ఉన్న ఇద్దరికి ఒకే అలవాటు ఒకే భ్రమ కలిగించి ఉండవచ్చు. ఇవన్నీ ఒప్పుకుంటాను. అయితే అలవాటుకు బరువు ఉండదు. ఖాళీ బండితో ఆ ఇసుక దాటాలని తర్వాత ఎన్నోసార్లు, అదే రేవులో, అదే గేరులో, కావాలనే ప్రయత్నించాను. ప్రతిసారీ నడి ఏటిలో దిగబడ్డాను. ఇవతలి పల్లెల నుంచి ఎద్దులు తెచ్చి లాగించుకోవాల్సి వచ్చింది.

నిద్రించినవారు ఆ పిలుపు వినేదాకా లేవరని నేటికీ నమ్ముతున్నాను. ఆ మధ్యాహ్నం నా వెనక ఎడమ పక్క ముందుగా కుంగిందని కూడా నాకు తెలుసు. ఈ రెండిటినీ ఎలా కలపాలో ఇన్నేళ్ళ ప్రార్థనలోనూ నాకు తెలియలేదు.